నాలుగేళ్లుగా వాడుతున్న సీహెచ్ఎన్ఎస్ అనలైజర్: కొనేవాళ్ల కోసం, శాంపిల్స్ పంపేవాళ్ల కోసం నా రివ్యూ

మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో, తరమణి వైపు ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో. మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్న సీహెచ్ఎన్ఎస్ ఎలిమెంటల్ అనలైజర్ (శాంపిల్‌ని కాల్చి అందులో కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, సల్ఫర్ ఎంత శాతం ఉన్నాయో చెప్పే మెషిన్) నాలుగేళ్ల నుంచి నా చేతిలోనే ఉంది, అంటే నేను, మా టెక్నీషియన్ అన్న, ఇద్దరమే నడుపుతాం. ఈమధ్య తిరుపతి నుంచి, గుంటూరు నుంచి, హైదరాబాద్ నుంచి తెలిసినవాళ్లు ఫోన్ చేసి "అక్కా, మా గైడ్ ప్రాజెక్ట్ డబ్బుల్లో ఈ మెషిన్ కొందామంటున్నారు, ఏది మంచిది, ఎలా ఉంటది" అని అడుగుతున్నారు, ఒక్కొక్కళ్లకి అరగంట చెప్పాల్సొస్తోంది, అందుకని అంతా ఒకచోట రాసేస్తున్నా, కొంచెం పెద్దదవుద్ది, ఓపిగ్గా చదవండి.

మాది ఏ కంపెనీదో రాయట్లేదు. మార్కెట్లో థర్మో వాళ్ల ఫ్లాష్ సిరీస్, ఎలిమెంటార్ వాళ్ల వేరియో, యూనిక్యూబ్, పర్కిన్‌ఎల్మర్ వాళ్ల 2400, లెకో వాళ్లవి, ఇలా చాలానే ఉన్నాయి, గ్యాసుల్ని విడదీసే పద్ధతిలో తేడాలున్నా కాల్చడం మాత్రం అన్నిట్లోనూ ఒకటే. నా రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. తగ్గిన ఆ ఒక్కటి హీలియం ఖర్చుకి, స్పేర్ల కోసం ఎదురుచూపులకి. రిజల్ట్ సరిగ్గా రాలేదని మాత్రం నేను మార్కు తగ్గించను, ఎందుకో కింద చెప్తా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో. రెండు మిల్లీగ్రాముల శాంపిల్‌ని చిన్న టిన్ క్యాప్సూల్‌లో చుట్టి పెడితే ఆటోశాంప్లర్ దాన్ని 950 డిగ్రీల దగ్గరున్న క్వార్ట్జ్ ట్యూబ్‌లోకి పడేస్తది, సరిగ్గా అదే టైమ్‌కి ఆక్సిజన్ వచ్చి తగులుతుంది, టిన్ భగ్గున అంటుకుని ఆ ఒక్క క్షణం వేడి 1800 డిగ్రీల దాకా పోతుంది. మా దాంట్లో పైన చిన్న గాజు కిటికీ ఉంది, అందులోంచి తెల్లటి మెరుపు కనిపిస్తుంది, నాలుగేళ్లయినా నేను ఇంకా ప్రతి బ్యాచ్‌లో మొదటి శాంపిల్ పడేటప్పుడు అక్కడే నిలబడి చూస్తా, మెరుపు బాగా వచ్చిందంటే సగం ధైర్యం వచ్చినట్టే. అప్పుడు కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ నీళ్ల ఆవిరి, సల్ఫర్ సల్ఫర్ డయాక్సైడ్ అయిపోతాయి, నైట్రోజన్ మాత్రం రకరకాల ఆక్సైడ్లుగా వస్తుంది కాబట్టి కింద వేడి రాగి తీగల మీదుగా పంపిస్తారు, రాగి ఆ ఆక్సిజన్ని లాగేసుకుని మామూలు నైట్రోజన్ని వదుల్తుంది, మిగిలిపోయిన ఆక్సిజన్ని కూడా అదే పట్టేసుకుంటుంది. ఇవన్నీ మోసుకెళ్లే హీలియంతో పాటు గ్యాసుల్ని విడదీసే కాలమ్‌లోకి పోయి వరసగా నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్, నీళ్లు, సల్ఫర్ డయాక్సైడ్ అని గ్రాఫ్‌లో నాలుగు పీకులుగా (శిఖరాలుగా) బయటికొస్తాయి. ఒక్కో శాంపిల్‌కి పది పన్నెండు నిమిషాలు. ఆక్సిజన్ శాతం కావాలంటే మాత్రం వేరే ట్యూబ్ పెట్టి వేరే రన్ చెయ్యాలి, అదే రన్‌లో రాదు, ఇది అడగనివాళ్లు లేరు.

ఇప్పుడు అసలు విషయం. కంపెనీ వాళ్లు డెమోకొచ్చినప్పుడు ఫర్నేస్, సాఫ్ట్‌వేర్, ఆటోశాంప్లర్‌లో ఎన్ని గుంటలున్నాయో ఇవన్నీ చూపిస్తారు. మైక్రోబ్యాలెన్స్ (శాంపిల్ తూచే అతి సున్నితమైన త్రాసు) గురించి చివర్లో ఒక్క లైన్ చెప్తారు, కొన్నిసార్లు కొటేషన్‌లో అది ఆప్షనల్ ఐటెమ్ కింద ఉంటది, బడ్జెట్ సరిపోలేదని గైడ్లు ముందు కొట్టేసేది కూడా దాన్నే. దయచేసి కొట్టెయ్యొద్దు. లెక్క చూడండి, మీరు తూచేది 2 మిల్లీగ్రాములు, అందులో 0.01 మిల్లీగ్రాము తప్పు పోయిందంటే అరశాతం పోయినట్టు, మీ కాంపౌండ్‌లో కార్బన్ 58 శాతం ఉందనుకుంటే అక్కడికక్కడే 0.29 పోయింది. ఫార్ములా లెక్కకి, రిజల్ట్‌కి మధ్య జర్నల్ వాళ్లు ఒప్పుకునే తేడా 0.4. ఇంకా కాల్చనే లేదు, అప్పుడే ముప్పాతిక వంతు తినేశాం! మామూలు ల్యాబ్‌లో ఉండే నాలుగు డెసిమల్స్ త్రాసు ఈ పనికి అస్సలు పనికిరాదు, ఒక మైక్రోగ్రాము చూపించే బ్యాలెన్స్ కావాలి, దానికి కదలని రాతి బల్ల కావాలి, ఏసీ గాలి నేరుగా తగలకూడదు, పక్కన తలుపు ధడేల్‌మని వేసే గది అవ్వకూడదు. మేము మొదట ఏసీ కిందే పెట్టి ఆర్నెల్లు బాధపడ్డాం, చివరి అంకె ఎప్పుడూ నిలబడేది కాదు, బల్లని మూలకి జరిపిన రోజు నుంచి స్టాండర్డ్ (శాతాలు ముందే తెలిసిన పదార్థం) రిజల్ట్స్ ఒకదానికొకటి దగ్గరకొచ్చేశాయి. మెషిన్‌లో ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు.

మైక్రోఅనాలిసిస్‌కి 1923లో నోబెల్ తీసుకున్న ఫ్రిట్జ్ ప్రెగ్ల్ కథ కూడా ఇదే. ఆయన పిత్తరసంలో ఉండే ఆమ్లాల మీద పని చేసేవాడు, చేతికొచ్చే పదార్థం మరీ కొంచెం, అప్పటి పద్ధతులకి అది చాలేది కాదు, దాంతో మొత్తం అనాలిసిస్‌నే కొన్ని మిల్లీగ్రాములకి దించేశాడు. అందుకోసం ఆయన కాల్చే గొట్టాన్ని మార్చాడు, నిజమే, కానీ హాంబర్గ్‌లో కూల్మన్ అనే త్రాసుల తయారీదారు దగ్గర ఇంకా సున్నితమైన త్రాసు చేయించుకోకపోతే ఆ పని సాగేదే కాదు. మన బడ్జెట్‌లో ఆ త్రాసునే ముందు కొట్టేస్తాం.

ప్యాకింగ్ గురించి వివరంగా చెప్తా, ఎందుకంటే కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే. టిన్ క్యాప్సూల్ అంటే 5 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే పల్చటి కప్పు, చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు కూడా కార్బనే, హైడ్రోజనే. ఫోర్సెప్స్‌తో పట్టుకుని బ్యాలెన్స్ మీద పెట్టి జీరో చేసి, బయటికి తీసి, మైక్రో స్పాచులా కొనమీద ఆవగింజలో సగమంత పౌడర్ తీసుకుని లోపల వేస్తారు. అంచుకి అంటకూడదు. అప్పుడు పైభాగం నొక్కి, మడిచి, మళ్లీ మడిచి, లోపలున్న గాలంతా బయటికి పోయేలా మెల్లిగా ఒత్తుకుంటూ చిన్న గుండులా చెయ్యాలి. గాలి మిగిలితే అందులో నైట్రోజన్ కూడా మీ కాంపౌండ్ ఖాతాలోకే పోతుంది. గుండు అయ్యాక మా అన్న చేసే పని ఒకటుంది, నల్ల టైల్ ముక్క ఒకటి పెట్టుకున్నాడు, దానిమీద ఆ గుండుని రెండుసార్లు తట్టి చూస్తాడు, ఏమాత్రం తెల్ల పొడి రాలినా ఆ గుండు చెత్తబుట్టలోకే, మళ్లీ మొదటి నుంచి. రాలకపోతేనే ఫైనల్ బరువు. నేను చేరిన కొత్తలో ఒకరోజు వరసగా ఏడు గుండ్లు పారేయించాడు, ఆ సాయంత్రం చాలా కోపమొచ్చింది, కానీ ఇప్పుడు నేనూ పిల్లలకి అదే చేయిస్తున్నా. అన్నకి డిగ్రీలు పెద్దగా లేవు, ఆయన చేత్తో చుట్టిన గుండు రిజల్ట్ మాత్రం ఈ మెషిన్ కొన్నప్పుడు ఇంజనీర్ చేసి చూపించిన దానికన్నా బాగుంటుంది, ఇది నేను పక్కపక్కన పెట్టి చూసిన మాట.

ఇక చెన్నై తేమ. పోయిన అక్టోబర్‌లో, వానలు మొదలైన రోజులు, ఒక పీహెచ్‌డీ అబ్బాయి సాలెన్ కాపర్ కాంప్లెక్స్ (ఒక రాగి సమ్మేళనం) తెచ్చాడు, చక్కటి పౌడర్, మిగతా డేటా అంతా ఓకే. లెక్క ప్రకారం కార్బన్ 58.26, హైడ్రోజన్ 4.28, నైట్రోజన్ 8.49 రావాలి. వచ్చింది 56.79, 4.51, 8.22. అబ్బాయి మొహం మాడిపోయింది, పేపర్ సబ్మిషన్ ఆ వారమే. "అక్కా, మెషిన్ కాలిబ్రేషన్ పోయిందేమో, ఇంకోసారి చెయ్యవా" అన్నాడు. సరే అని వాడి ముందే ఎసిటనిలైడ్ అనే స్టాండర్డ్ వేశా, దాని కార్బన్ 71.09 రావాలి, 71.04 వచ్చింది, నైట్రోజన్ 10.36కి 10.39. మెషిన్ బానే ఉంది కదా నాన్నా, ఇప్పుడు నీ శాంపిల్ సంగతి చూద్దాం అని కూర్చోబెట్టి లెక్క చేయించా. ఆ కాంప్లెక్స్‌కి అర మాలిక్యూల్ నీళ్లు కలిపి చూస్తే కార్బన్ 56.71, హైడ్రోజన్ 4.46, నైట్రోజన్ 8.27. వాడికొచ్చిన నంబర్లు అవే, అచ్చంగా! ఊరికే నంబర్లు కలిశాయి కదా అని నీళ్లు రాసేసుకోకూడదు, దానికి సాక్ష్యం కావాలి, అందుకని టీజీఏకి (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గుతుందో చూసే పరీక్షకి) పంపించా, అర నీళ్లు పోతే బరువు 2.66 శాతం తగ్గాలి, అక్కడ 2.6 దగ్గర తగ్గింది. తర్వాత వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి, డెసికేటర్‌లోంచి (తేమ తగలకుండా ఉంచే మూత పాత్ర) నేరుగా బ్యాలెన్స్ దగ్గరకి తెచ్చి గబగబా చుట్టి వేస్తే కార్బన్ 58.09 వచ్చింది. ఆ అబ్బాయి కుర్చీలోంచి లేచి అన్నకి దణ్ణం పెట్టాడు. మెషిన్ మొదటిసారీ నిజమే చెప్పింది, రెండోసారీ నిజమే చెప్పింది, మధ్యలో మారింది శాంపిల్.

అందుకే రిజల్ట్ తప్పొచ్చిందని ఎవరన్నా వస్తే నేను ముందు చూసేది కార్బన్‌ని నైట్రోజన్‌తో భాగిస్తే ఎంతొస్తుందన్నది. పై కాంప్లెక్స్‌కి అది 6.86. నీళ్లు చేరినా ఆ నిష్పత్తి మారదు, హైడ్రోజన్ మాత్రం పెరుగుతుంది. కాంపౌండ్‌ని శుద్ధి చెయ్యడానికి సిలికా కాలమ్ చేసినప్పుడు ఆ సిలికా జారి శాంపిల్‌లో పదిశాతం కలిసిందనుకోండి, కార్బన్ 52.43, నైట్రోజన్ 7.64 అవుతాయి, నిష్పత్తి మళ్లీ అదే 6.86, కానీ హైడ్రోజన్ కూడా అదే లెక్కన తగ్గుతుంది. అంటే నిష్పత్తి నిలబడి హైడ్రోజన్ పెరిగితే నీళ్లు, అన్నీ కలిసి దిగితే సిలికానో, కడగని ఉప్పో. నిష్పత్తే మారిపోతే అప్పుడు సాల్వెంట్ మిగిలిందా, స్టాప్‌కాక్ గ్రీజు అంటిందా, ఫిల్టర్ పేపర్ పీచు కలిసిందా, లేక అసలు కాంపౌండే వేరేదా అని భయపడాలి. ఒక్క రీరన్ కూడా అక్కర్లేకుండా ఇంత సంగతి ఆ మూడు అంకెల్లోనే ఉంటుంది, చాలామంది "మ్యాచ్ అయ్యిందా, కాలేదా" అనే చూసి కాగితం మడిచేస్తారు, చూస్తుంటే బాధేస్తుంది.

ఆ 0.4 గురించి కూడా. జర్నల్స్ చాలా ఏళ్లుగా లెక్కకి, రిజల్ట్‌కి తేడా 0.4 లోపు ఉండాలంటున్నాయి. 2022లో ఏసీఎస్ సెంట్రల్ సైన్స్‌లో ఒక స్టడీ వచ్చింది, స్వచ్ఛమైన ఐదు చిన్న ఆర్గానిక్ కాంపౌండ్లని వేర్వేరు దేశాల సర్వీస్ ల్యాబ్‌లకి పంపి చూశారు, అంత శుభ్రమైన వాటికే కొన్ని రిజల్ట్స్ 0.4 దాటాయి, ఆ హద్దు మరీ గట్టిదని వాళ్లు తేల్చారు. నాకిది చదివాక చాలా ఊరటగా అనిపించింది. 0.45 వచ్చిందని ఏడ్చే పిల్లల్ని చూశా, అంతకన్నా ఘోరం, "అక్కా, కొంచెం సర్ది ఇవ్వకూడదా" అని మెల్లగా అడిగేవాళ్లనీ చూశా. నేను ఇవ్వను. వచ్చిన నంబర్ వచ్చినట్టే ప్రింట్ తీసి ఇస్తా. 0.5 వస్తే 0.5 అని రాయండి, పక్కన ఎన్ఎంఆర్, మాస్ లాంటి వేరే పరీక్షల రిజల్ట్స్ పెట్టండి, శాంపిల్ ఎలా ఆరబెట్టారో రాయండి, అర్థం చేసుకునే రిఫరీ అర్థం చేసుకుంటాడు. రెండు మిల్లీగ్రాముల కోసం ఆర్నెల్లు కష్టపడి సింథసిస్ చేసి, చివర్లో ఒక అంకె దిద్దుకుంటే ఆ ఆర్నెల్లకీ విలువ ఉండదు.

మెషిన్‌ని పాడు చేసే శాంపిల్స్ గురించి ఇప్పుడు. రెండేళ్ల కింద బయట కాలేజీ ఒకదాన్నుంచి ఆరు శాంపిల్స్ వచ్చాయి, ఫారంలో ఎలిమెంట్స్ గడిలో కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, రుథేనియం అని మాత్రమే ఉంది. వేసేశాం. అవన్నీ ఫ్లోరిన్ ఉన్న పీఎఫ్6 సాల్ట్‌లు. ఫ్లోరిన్ కాలినప్పుడు హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది, అది క్వార్ట్జ్‌ని తినేస్తుంది, ఆరో శాంపిల్ అయ్యాక వేసిన స్టాండర్డ్‌లో నైట్రోజన్ పక్కకి పోవడం మొదలెట్టింది, చల్లార్చి తీసి చూస్తే ట్యూబ్ లోపల అద్దం మీద పొగ పట్టినట్టు తెల్లగా మసకబారిపోయింది. ట్యూబ్ పోయింది, లోపలున్న కెమికల్స్ పోయాయి, వారం పని పోయింది. ముందే చెప్పుంటే ట్యూబ్‌లో మెగ్నీషియం ఆక్సైడ్ పొర వేసి ఫ్లోరిన్ శాంపిల్స్ అన్నీ ఒకేసారి చేసేవాళ్లం, మేము చెయ్యం అని ఏమీ అనం కదా! పీఎఫ్6, బీఎఫ్4, ట్రైఫ్లేట్, సీఎఫ్3 ఏదున్నా రాయండి. సిలికాన్, బోరాన్ ఉంటే కూడా రాయండి, అవి కార్బన్‌ని, నైట్రోజన్‌ని గట్టిగా పట్టుకుని పూర్తిగా కాలనివ్వవు, అలాంటప్పుడు బాగా కాలడానికి వెనేడియం పెంటాక్సైడ్ కొంచెం చల్లి వేస్తాం. గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్ లాంటివి కూడా అంత తేలిగ్గా కాలవు, వాటికి ఆక్సిజన్ టైమ్ పెంచాలి. ఇక అజైడ్లు, పెర్‌క్లోరేట్లు, నైట్రో గుంపులు ఎక్కువున్నవి, అంటే పేలే ప్రమాదమున్నవి, చెప్పకుండా పంపడం అంటే చుట్టేవాడి వేళ్లతో ఆడుకోవడమే, ఫోర్సెప్స్‌తో నొక్కేది మనిషి.

గ్యాస్ ఖర్చు కొనేముందు అందరూ తక్కువ అంచనా వేస్తారు. 99.999 శాతం స్వచ్ఛమైన హీలియం కావాలి. మా సెట్టింగ్‌లో నిమిషానికి 140 మిల్లీలీటర్లు, అంటే రోజంతా వదిలేస్తే 200 లీటర్లు, 7 క్యూబిక్ మీటర్ల సిలిండర్ ముప్పై ఐదు రోజులు కూడా రాదు, రిఫరెన్స్ లైన్‌కి పోయేది కలపకుండానే. అందుకే రాత్రిపూట ఫ్లో బాగా తగ్గించి స్టాండ్‌బైలో పెడతాం, శాంపిల్స్ ముప్పై పోగయ్యేదాకా ఆగి ఒకే బ్యాచ్‌గా నడుపుతాం. "నావి రెండే అక్కా, ఇవాళే వెయ్యి" అని అడిగేవాళ్లకి ఎందుకు ఆగమంటానో ఇప్పుడైనా అర్థమవ్వాలి. హీలియం మన దేశానికి దాదాపు అంతా బయటి నుంచే వస్తుంది, 2022లో ప్రపంచమంతా కొరత వచ్చినప్పుడు మాకు సిలిండర్ బుక్ చేసిన చాలా వారాలకి గానీ దొరకలేదు, రేటు కూడా చూస్తుండగానే పెరిగింది. హీలియం అనగానే నాకు గుంటూరు గుర్తొస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాస్ అబ్జర్వేటరీ నుంచి పోయిన పోగ్సన్ మచిలీపట్నంలో నిలబడి సూర్యుడి అంచు వెలుగుని స్పెక్ట్రోస్కోప్‌లో చూశారు, అప్పటిదాకా ఎవరికీ తెలియని హీలియం పసుపు గీత కథ అక్కడ మొదలైంది, భూమ్మీద ఆ గ్యాస్ కెమిస్ట్ రామ్సే చేతికి చిక్కింది 1895లో. సిలిండర్ మీద ఆ పేరు చూసినప్పుడల్లా మన ఊళ్ల ఆకాశంలో మొదట కనపడిందిది అని పిల్లలకి చెప్తుంటా, వాళ్లకి తెలియదు, చెప్తే కళ్లు పెద్దవవుతాయి. కొన్ని కొత్త మోడల్స్‌లో ఆర్గాన్‌తో కూడా నడపొచ్చు, చవక, కానీ ఆర్గాన్‌కి, నైట్రోజన్‌కి వేడిని మోసే గుణంలో తేడా తక్కువ కాబట్టి తక్కువ నైట్రోజన్ ఉన్న శాంపిల్స్‌లో పీకు చిన్నగా వస్తుంది. కొనేటప్పుడు రెండూ పనిచేసే మోడల్ అడగండి, హీలియం దొరకని నెలల్లో మెషిన్ ఖాళీగా ఉండదు.

మెయింటెనెన్స్‌లో రెండు చూసుకుంటే చాలు, బూడిద, రాగి. టిన్ కాలి పోగైన బూడిదని ఎప్పటికప్పుడు తియ్యాలి. రాగి తీగలు కొత్తవి ఎర్రగా నిగనిగలాడతాయి, వాడేకొద్దీ పైనుంచి కిందికి నల్లబడుతూ వస్తాయి, ఆ నలుపు చివరిదాకా వచ్చేలోపే మార్చాలి, లేకపోతే నైట్రోజన్ పీకు ఊరికే పెరగడం మొదలవుతుంది. మేము ప్రతి ఎనిమిది శాంపిల్స్‌కి ఒక స్టాండర్డ్ వేస్తాం, సల్ఫర్ కావాలంటే సల్ఫనిలమైడ్, అందులో నైట్రోజన్ 16.27 రావాలి, 16.5 దాటిందంటే సాయంత్రానికి రాగి మార్చే పని పెట్టుకుంటాం, ఆ మధ్యలో వచ్చిన శాంపిల్స్ అన్నీ మళ్లీ వేస్తాం, ఎవరూ అడక్కపోయినా.

ఇంకోటి, ఫర్నేస్‌ని ఊరికే ఆపి ఆన్ చెయ్యొద్దు. అంత వేడిలో నెలల తరబడి ఉన్న క్వార్ట్జ్ ట్యూబ్ చల్లారితే పగులుతుంది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటే ముందు చెన్నైని ముంచేసి పోయింది కదా, మా బిల్డింగ్‌కి రెండు రోజులు కరెంటు లేదు, యూపీఎస్ కొన్ని గంటలే. నీళ్లు తగ్గాక అన్న మోకాళ్ల దాకా ప్యాంటు మడుచుకుని వచ్చి ముందు చూసింది ఆ ట్యూబ్‌నే. నిలువునా సన్నటి గీత. స్పేర్ ట్యూబ్ ఒకటి బీరువాలో ఉండబట్టి వారంలో లేచాం, లేకపోతే రెండు నెలలే. మీరు కొంటే మొదటి ఆర్డర్‌లోనే రెండు ట్యూబులు, రెండుసార్లకి సరిపడా రాగి, ఓ-రింగులు ఎక్స్‌ట్రా రాయించుకోండి, ప్రాజెక్ట్ డబ్బులున్నప్పుడే, తర్వాత ఒక ఓ-రింగ్‌కి కూడా పర్చేజ్ కమిటీ కూర్చోవాల్సొస్తది.

సర్వీస్ సంగతి మామూలే. ఇంజనీర్ మంచివాడు, పని తెలుసు, కానీ ఒక్కడే దక్షిణాది మొత్తం తిరుగుతుంటాడు, మాకు వచ్చేసరికి పది పదిహేను రోజులు. మెయింటెనెన్స్ కాంట్రాక్టుల్లో విడిభాగాలు కలవని ఏఎంసీ కన్నా కలిసే సీఎంసీ తీసుకోవడం మంచిదని నా అనుభవం, వారంటీ అయిపోయాక మూడేళ్లకైనా కొటేషన్‌లోనే రేటు ఫిక్స్ చేయించుకోండి. లీక్ టెస్ట్, బూడిద తియ్యడం, ట్యూబ్ నింపడం ఈ మూడూ ఇంజనీర్ దగ్గర కూర్చుని నేర్చేసుకోవాలి, వీడియో తీసుకోవాలి. వీటికి కూడా ఆయన కోసం ఆగితే సంవత్సరంలో సగం రోజులు మెషిన్ మీద గుడ్డ కప్పే ఉంటది.

మరి కొనాలా వద్దా? మీ డిపార్ట్‌మెంట్‌లో వారానికి పాతిక ముప్పై శాంపిల్స్ వచ్చి, దీనికంటూ ఒక మనిషి పర్మనెంట్‌గా ఉంటే కొనండి, కళ్లు మూసుకుని కొనండి, శాంపిల్ ఆరబెట్టి అరగంటలో కాల్చే సౌకర్యం పోస్టులో పంపితే రాదు. ప్రాజెక్ట్ అసిస్టెంట్ రెండేళ్లుండి పోతాడు, తర్వాత ఎవరో చూసుకుంటారు అనుకుంటే మాత్రం వద్దు, అలా మూలపడిన మెషిన్లు నేను రెండుమూడు చూశా, లక్షలు పోసి కొన్నవి. దానికి బదులు డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) సపోర్ట్‌తో నడిచే సైఫ్ సెంటర్లు, అంటే బయటివాళ్ల శాంపిల్స్ కూడా చేసిపెట్టే ల్యాబ్‌లు, ఉన్నాయి, ఐఐటీ బాంబే, లక్నో సీడీఆర్ఐ, కొచ్చి వంటి చోట్ల, ఐ-స్టెమ్ పోర్టల్‌లో కూడా మీ దగ్గర్లో ఎవరి దగ్గర ఏ మెషిన్ ఉందో చూసి బుక్ చేసుకోవచ్చు. అకడమిక్ వాళ్లకి ఛార్జీ కూడా భరించగలిగేదే. ఒక హెచ్చరిక, సెమ్‌తో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో) వచ్చే ఈడీఎక్స్ అనే ఎక్స్‌రే పరీక్ష రిజల్ట్ పట్టుకొచ్చి "ఎలిమెంటల్ అనాలిసిస్ ఉంది కదా, మళ్లీ సీహెచ్ఎన్ ఎందుకు" అనేవాళ్లున్నారు, ఈడీఎక్స్‌కి హైడ్రోజన్ అసలు కనపడదు, కార్బన్ కూడా గ్రిడ్‌దో టేప్‌దో కలిసిపోతుంది, బల్క్ శాంపిల్‌లో సగటున ఎంతుందో అది చెప్పదు. అలాగే మెటల్ శాతం కావాలంటే ఐసీపీ అనే వేరే మెషిన్‌కి వెళ్లాలి, ఈ మెషిన్ చెప్పలేదు.

మాకు గానీ ఇంకెక్కడికి గానీ పంపేటప్పుడు కనీసం పది మిల్లీగ్రాములు పంపండి, రెండుసార్లు వేసి, తేడా వస్తే మూడోసారి వెయ్యడానికి ఉండాలి. గట్టి మూత ఉన్న గాజు వైల్‌లో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో మడిచిన కాగితంలో వద్దు. గుండగా నూరి, ఆరబెట్టి, ఏ టెంపరేచర్‌లో ఎన్ని గంటలు ఆరబెట్టారో ఫారంలో రాయండి, అనుకున్న ఫార్ములా, ఉన్న ఎలిమెంట్లన్నీ, చివరగా వాడిన సాల్వెంట్ రాయండి. వైల్ మీద పేరు మార్కర్‌తో రాస్తే ఇథనాల్ తగలగానే పోతుంది, కాగితం లేబుల్ మీద పెన్సిల్‌తో రాసి పైన టేప్ వెయ్యండి. గాలి తగిలితే పాడయ్యేవి అయితే ముందు ఫోన్ చెయ్యండి, గ్లవ్‌బాక్స్‌లో చుట్టి సీల్ చేసి తెచ్చే పద్ధతి చెప్తాం, అన్నకి ఒక రోజు ముందు చెప్తే ఆటోశాంప్లర్ ఖాళీ చేసి మీ కోసం ఉంచుతాడు. ఈ వారం మాత్రం వద్దు, నిన్నటి సల్ఫనిలమైడ్‌లో నైట్రోజన్ 16.52 వచ్చింది, రాగి మారుస్తున్నాం, సోమవారం నుంచి తీసుకుంటాం.